అరవై శాతం దాటని సీడీలు

పాసయ్యానండీ! బి.ఏ. పాసయ్యాను! ఎకనామిక్స్‌తో సహా!

పొద్దున్నే ఫోన్‌లో హాల్ టికెట్ నంబరు కొట్టాను. పాస్ అని వచ్చింది. నమ్మలేక మళ్ళీ కొట్టాను. మళ్ళీ పాసే. ఈ సైటు ఎవరికైనా పాసనే చూపిస్తోందేమోనని అనుమానం వచ్చి, నా నంబరుకి ఒకటి కలిపి కొట్టాను. అది ఫెయిల్. పాపం ఎవరో ఏమిటో! కానీ నాకు అప్పుడే ధైర్యం చిక్కింది. యంత్రం చెప్పిన మాట ఒక్కసారికే నమ్మకపోవడం నా ఉద్యోగం నేర్పిన అలవాటు.

నాకిప్పుడు యాభై తొమ్మిది. మా అమ్మ పత్తి తీతకీ, మిరపకాయలకి తొడిమలు తీయడానికీ కూలికి వెళ్ళేది. మా నాన్న కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, మోసేవాడు. మా తాతల సంగతి అడగొద్దు. మా వంశంలో పేరు పక్కన డిగ్రీ అన్న మాట రాసుకున్న మొదటి మనిషిని నేనే. పొద్దుటి నుంచి ఇంట్లో ఒక చోట కూర్చోలేకపోతున్నాను. పాలు రెండుసార్లు పొంగించాను. అందుకే కాగితం ముందు వేసుకుని కూర్చున్నాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లలెవరైనా చదువుతారని రాస్తున్నాను. చదవకపోయినా ఫరవాలేదు, ఇవాళ నాకు ఎవరి మీదా కోపం రాదు.

నా ఉద్యోగం గురించి చెప్పాలి ముందు. ఇంటర్ తప్పాక టైపు నేర్చుకున్నాను. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాక డీటీపీ నేర్చుకున్నాను. గుంటూరు బ్రాడీపేటలో ఒక అడ్డరోడ్డులో ఉన్న డీటీపీ, జిరాక్స్ షాపులో చేరి, పోయిన ఏడాది కళ్ళు మొరాయించేదాకా అక్కడే పనిచేశాను. నల్లపాడు నుంచి రోజూ షేర్ ఆటోలో వచ్చేదాన్ని. మా షాపుకి పోషకులు ఎవరంటే చదువుకునే పిల్లలే. ఇంజినీరింగ్, ఎం.సి.ఏ., ఎం.బి.ఏ. పిల్లల ప్రాజెక్టు రిపోర్టులన్నీ నా వేళ్ళ కిందుగా వెళ్ళినవే. గైడుకీ, ప్రిన్సిపాల్‌కీ, కన్న తల్లిదండ్రులకీ కృతజ్ఞతలు చెప్పే పేజీ ఒకటుంటుంది చూడండి, దాన్ని కళ్ళు మూసుకుని కొట్టగలను. నేను కొట్టిన రిపోర్టులతో ఎంతమంది పట్టభద్రులయ్యారో నాకే తెలియదు. షాపుకొచ్చే పిల్లలంతా నన్ను మేడం అనేవాళ్ళు. ఈమె ఏ ఎం.ఏ.నో చదివి ఉంటుందని వాళ్ళ నమ్మకం. నేనూ కాదనేదాన్ని కాదు.

ఇప్పుడు చెప్పబోయేది రెండు వేల రెండులోనో మూడులోనో జరిగింది. అప్పట్లో ఫైళ్ళు ఒకచోటి నుంచి ఇంకోచోటికి పట్టుకెళ్ళాలంటే సీడీయే గతి. వేలెడంత పెన్‌డ్రైవులు అప్పటికి మా వీధిదాకా రాలేదు. ఖాళీ సీడీ మీద ఫైళ్ళు ఎక్కించే పెట్టెని సీడీ రైటర్ అనేవాళ్ళం. కంప్యూటర్ ముందుభాగంలో ఉంటుంది, బొత్తాం నొక్కితే నాలుక చాపినట్టు ట్రే బయటికొస్తుంది. సీడీ పెట్టి లోపలికి తోస్తే, లోపల ఒక చిన్న గాజుబిళ్ళ లోంచి వెలుగు వచ్చి రాసుకుపోతుంది. తెర మీద శాతాలు పెరుగుతూ ఉంటాయి. నూరు అయితే సీడీ పని చేసినట్టు. మధ్యలో ఆగితే ఆ సీడీ ఇక ఎందుకూ పనికిరాదు, పారేయడమే.

మా సార్, అంటే షాపు ఓనరు, రైటర్ తెచ్చిన కొత్తలో మాకు జనం తోసుకొచ్చారు. మెట్ల దాకా పిల్లలు నిలబడేవాళ్ళు. షాపు పైన మేడ మీద సార్ వాళ్ళ అమ్మగారు ఉండేవారు. మేమంతా మామ్మగారు అనేవాళ్ళం. రోజుకి మూడుసార్లు కిందికి దిగి, కుర్చీలో కూర్చుని, వచ్చేపోయేవాళ్ళని చూసేవారు.

"ఏమ్మాయ్, ఇంతమంది ఆ పెట్టె వంకే గుడ్లప్పగించి చూస్తున్నారు. దిష్టి తగలదూ?" అన్నారొక రోజు.

మా వీధిలో శుక్రవారం శుక్రవారం సాంబ్రాణి వేసే సాయిబు తాత ఒకాయన తిరిగేవాడు. గొలుసుకి వేలాడే నిప్పుల డబ్బా ఒక చేతిలో, నెమలీకల కట్ట ఇంకో చేతిలో. నిప్పుల మీద సాంబ్రాణి పొడి చల్లి, ఆ పొగని నెమలీకలతో షాపులోకి విసిరి, దువా చదివి, ఇచ్చింది పుచ్చుకుని వెళ్ళిపోయేవాడు. మందుల షాపులోనూ, బట్టల షాపులోనూ, అందరి దగ్గరా అంతే. ఆయన్ని మామ్మగారు మా షాపుకీ మాట్లాడారు.

నాలుగైదు నెలలు బాగానే నడిచింది. తరవాత అప్పుడొకటి అప్పుడొకటి సీడీలు చెడిపోవడం మొదలైంది. పదిట్లో ఒకటి పోయేది, పోనుపోనూ మూడు పోయేవి. వింత ఏమిటంటే, చిన్న ఫైళ్ళైతే బాగానే ఎక్కేవి. సీడీ నిండా పట్టేంత పని ఇస్తేనే తంటా. యాభై దాకా పరుగెత్తుకుంటూ వెళ్ళి, అరవై దగ్గర ఆయాసపడి, ఆ పైన ఎక్కడో ఒకచోట ఆగిపోయేది. ట్రే తనంతట తనే బయటికొచ్చేసేది, ఇక నావల్ల కాదన్నట్టు.

ఇక మా పరిశోధన చూడండి. ముందు ఖాళీ సీడీలు నాసిరకమన్నాం. వేరే రకం తెచ్చాం. అవీ పోయాయి. సాఫ్ట్‌వేర్ అన్నాం. హార్డ్‌వేర్ మెకానిక్ ఒకాయన ఉండేవాడు, ఏ కంప్యూటర్ చూసినా ఒకటే మాట.

"వైరస్ అండీ. మొత్తం పీకి మళ్ళీ వేయాలి."

"పోయిన నెల మౌస్ పాడైతే కూడా వైరస్ అనే అన్నారు కదండీ?" అన్నాను.

"అది వేరే వైరస్ అండీ" అన్నాడు, ఏమాత్రం తడుముకోకుండా.

మొత్తం పీకి మళ్ళీ వేశాడు. లోపలి పట్టీ వైరు మార్చాడు. వారం బాగున్నట్టుండి మళ్ళీ మొదటికొచ్చింది. అప్పుడు సార్, "మిర్చి యార్డులోంచి ఘాటు వస్తోంది, ఆ దుమ్మే" అన్నారు. గుంటూరులో ఏది పాడైనా ఆఖరికి మిరపకాయల మీదకే వస్తుంది. తుమ్మినా, గోడ రంగు వెలిసినా, సంబంధం తప్పిపోయినా అంతే. మిరప దుమ్ము అంటూ తలుపులు మూయించి, కిటికీకి తడిగుడ్డ కట్టించారు.

మామ్మగారి పరిశోధన వేరు. "దిష్టి ముదిరింది. శుక్రవారం ఒక్కటీ చాలదు" అని, సాయిబు తాతని మంగళవారం కూడా రమ్మన్నారు. అంతటితో ఆగలేదు.

"గుమ్మంలో నిలబడి విసిరితే ఏం లాభం తాతా, లోపలికి రా. అదిగో ఆ పెట్టెకి పట్టు. ఏమ్మాయ్, ఆ నాలుక బయటికి తియ్యి, లోపలికంటా పోవాలి పొగ."

తీశాను. బొత్తాం నొక్కి ట్రే తెరిచి, సాంబ్రాణి పొగ లోపలికి వెళ్ళేదాకా పట్టుకుని నిలబడ్డాను. వారానికి రెండుసార్లు, రెండు నెలలపాటు. పిల్లలూ, నవ్వకండి. లేకపోతే నవ్వండి, నేను కూడా ఇప్పుడు నవ్వుతూనే రాస్తున్నాను.

ఇందులో నేను దాచిన సంగతి ఒకటుంది. ప్రతి శనివారం నేను కంప్యూటర్ తెర తుడిచేదాన్ని. గుడ్డకి తేనెరంగు జిడ్డు అంటేది. అది మిరప దుమ్ము కాదని నాకు తెలుసు. మిరప దుమ్ము జిడ్డుగా ఉండదు, మా అమ్మ చీరల్లోంచి ఎంత దులిపానో నాకు తెలియదా! సాంబ్రాణి పొగ వల్లే అని మనసుకి తోచింది. కానీ నోరు విప్పలేదు. ఎందుకంటే మాది చర్చికెళ్ళే ఇల్లు. సాంబ్రాణి వద్దంటే, "చూశావా, ఈమెకి మన పద్ధతులంటే గిట్టదు" అనుకుంటారేమోనని భయం. మంచి పని, మంచి మనుషులు. దేనికొచ్చిన గొడవ, నేను తెర తుడుచుకుంటే సరిపోతుంది కదా అనుకున్నాను. తెర ఒక్కటే గాజుది కాదన్న ఆలోచన నాకు రాలేదు.

అలా ఉండగా ఆ శుక్రవారం వచ్చింది.

పర్చూరు వైపు పల్లెటూరి అమ్మాయి, ఎం.సి.ఏ. ఆఖరి సంవత్సరం. రిపోర్టు నా దగ్గరే టైపు చేయించుకుంది. బైండింగ్ అయి వచ్చింది కూడా. వెనక అట్టకి చిన్న కవరు అతికించి ఉంటుంది, అందులో ప్రాజెక్టు సీడీ పెట్టి ఇవ్వాలి. సీడీ లేని రిపోర్టు కాలేజీలో తీసుకోరు. ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి ఆఖరు. దాటితే వైవాకి కూర్చోనివ్వరు, మళ్ళీ ఆరు నెలలు ఆగాలి. పొద్దున పదింటికి, ఇంట్లో కంప్యూటర్ నుంచి విప్పిన హార్డ్ డిస్కుని తువాలులో చుట్టి, పసిపిల్లని తెచ్చినట్టు గుండెలకి ఆనించుకుని తెచ్చింది. ఫైళ్ళన్నీ మా కంప్యూటర్‌లోకి ఎక్కించాం. సీడీ నిండేంత ఉన్నాయి.

మొదటి సీడీ అరవై మూడు దగ్గర ఆగింది. రెండోది అరవై ఒకటి.

"ఏమైంది మేడం?"

ఇక్కడ నేను చేసిన పని నాకు ఇప్పటికీ సిగ్గనిపిస్తుంది. మా పెట్టె బాగోలేదని ఒప్పుకోలేదు. మేడంని కదా! తెర మీదకి చూసి, "నీ ఫోల్డర్ల పేర్లు మరీ పొడుగ్గా ఉన్నాయమ్మా. ఇంతింత పేర్లుంటే ఎక్కవు. కుదించు" అన్నాను. ఎక్కడో విన్న ముక్క. పాపం ఆ అమ్మాయి మారుమాట్లాడకుండా కూర్చుని ఒక్కో పేరూ మార్చింది. అరగంట పట్టింది. మూడో సీడీ కూడా పోయింది. అనుమానం వచ్చి ప్రోగ్రాం తెరిచి చూసుకుంటే, అది అసలు తెరుచుకోవడమే మానేసింది. పేర్లు మార్చాం కదా, ప్రోగ్రాంకి తన ఫైళ్ళు తనకే దొరకడం లేదు.

ఆ అమ్మాయి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. మళ్ళీ హార్డ్ డిస్కు తగిలించి మొదటి నుంచి అన్నీ కాపీ చేసుకుంది.

"వేరే షాపులో చూద్దామా తల్లీ?" అన్నాను.

"చూసే వచ్చాను మేడం. ఆఖరి రోజు కదా, ఒకచోట సాయంత్రానికి ఇస్తామన్నారు. ఇంకోచోట గుమ్మం దాకా ఉన్నారు." తువాలు మడతపెడుతూ, "మీ దగ్గరైతే అయిపోతుందని అందరూ చెప్పారు" అంది.

ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. సార్‌కి ఫోన్ చేశాను. ఆయన తాడేపల్లిలో బంధువుల నిశ్చితార్థంలో ఉన్నారు. వెనక నుంచి సన్నాయి.

"సార్, రైటర్ విప్పి చూడమంటారా?"

"ఏయ్, వద్దమ్మా! సీల్ చింపావంటే వారంటీ పోతుంది. సోమవారం డీలర్ దగ్గరికి నేనే తీసుకెళ్తా. ఆ అమ్మాయిని ఇంకోచోట చూసుకోమను. ఇక్కడ తాంబూలాలు మార్చుకుంటున్నారు, ఉంటా."

పదకొండున్నరకి సాయిబు తాత వచ్చాడు. గొలుసు చప్పుడు విని మామ్మగారు మెట్లు దిగారు.

"రా తాతా, ఇవాళ గట్టిగా వెయ్యి. పాపం ఈ పిల్ల పొద్దుట్నుంచీ పడుతోంది. ఏమ్మాయ్, తియ్యి నాలుక."

నేను బొత్తాం నొక్కాను. ట్రే వచ్చింది. తాత గుప్పెడు సాంబ్రాణి చల్లాడు. పొగ కమ్ముకుంది. ఆ అమ్మాయి పొలమారి దగ్గుతూ పక్కకి తిరిగింది. తాత కూడా విసరడం ఆపి, కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"ఏంటి తాతా, కళ్ళు మండుతున్నాయా?" అన్నారు మామ్మగారు.

"కళ్ళు కాదమ్మా, అద్దాలు. పది షాపులు తిరిగేసరికి ఏమీ కనపడి చావదు. సాంబ్రాణి అంటే చెట్టు బంకే కదా, కాలితే పొగలో లేచి గాజుకి అంటుకుంటది. ఊదితే పోదు, నీళ్ళకి పోదు. రాత్రి ఇంటికెళ్ళి స్పిరిట్ పెట్టి తుడవాల్సిందే." కళ్ళజోడు పెట్టుకుని, ట్రే వంక వంగి చూశాడు. "దీన్లోపల కూడా ఏదన్నా గాజు ఉంటదా అమ్మాయ్?"

ఆ అమ్మాయి నా వంక చూసింది. "లెన్స్ ఉంటుంది మేడం" అంది మెల్లగా. "ఇది ఎప్పట్నుంచి ఇలా చేస్తోంది?"

నేను మామ్మగారి వంక చూశాను. మామ్మగారు నా వంక చూశారు. నా మొహంలో ఏం కనపడిందో మరి.

"ఏమ్మాయ్, నీకు ముందే తెలుసా?"

"లెన్స్ సంగతి తెలీదు మామ్మగారూ. కానీ తెర మీద జిడ్డు... ప్రతి శనివారం తుడుస్తున్నాను."

"మరి నోట్లో నాలిక లేదూ? చెప్పడానికేం?"

"అది కాదండీ... మేం చర్చికి వెళ్తాం కదా. సాంబ్రాణి వద్దంటే మీరేమన్నా అనుకుంటారేమోనని..."

మామ్మగారు నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. నా ఉద్యోగం అయిపోయిందనే అనుకున్నాను.

"ఓసి పిచ్చిమొహమా! మా పూజగదిలో పటాలకి జిడ్డు పట్టట్లేదూ? ప్రతి గురువారం స్టూలెక్కి ఆ అద్దాలన్నీ తుడుచుకునేది ఎవరనుకున్నావ్, మీ సార్ అనుకున్నావా? దేవుడి పటానికి లేని అభ్యంతరం ఈ పెట్టెకేంటి? తుడువ్!"

"విప్పాలండీ. సార్ వద్దన్నారు. సీల్ చిరిగితే వారంటీ..."

"వాడి సంగతి నేను చూసుకుంటా. వాడికి వారంటీ ఇచ్చింది నేను. నువ్వు విప్పు."

ఇంకేముంది. తాత నిప్పుల డబ్బా బయట మెట్టు మీద పెట్టేసి వచ్చాడు. పక్కనే పిల్లల డాక్టరు గారి క్లినిక్ ఉండేది, అక్కడి కాంపౌండరుని అడిగి చిన్న సీసాలో స్పిరిటూ, కాస్త దూదీ తెచ్చాను. కంప్యూటర్ ఆపి, రైటర్ బయటికి లాగి, బల్ల మీద న్యూస్‌పేపర్ పరిచి పెట్టాను. నాలుగు మరలు. మూడో మర మీద ఉంది ఆ సీల్ కాగితం. స్క్రూడ్రైవర్ దాని మీద ఆనించి ఒక్క క్షణం ఆగాను. ఆ అమ్మాయి గడియారం చూడటం లేదు, నా చేతినే చూస్తోంది. గుచ్చేశాను.

మూత తీస్తే కందిబేడంత గాజుబిళ్ళ. దాని మీద మసక పొర. అంత చిన్నదాన్ని వేలితో తుడవలేం, గట్టిగా నొక్కితే పక్కకి ఒరిగిపోతుంది.

"నేను చేసిస్తాను మేడం" అని ఆ అమ్మాయి చీపురు లోంచి ఒక పుల్ల విరిచి, దూదిని రెండు వేళ్ళ మధ్య తిప్పుతూ దాని కొసకి చుట్టింది. ఎంత చక్కగా చుట్టిందంటే, పోగు కూడా లేవలేదు. పత్తి ఇళ్ళలో పుట్టిన చేతులు. స్పిరిట్‌లో ముంచి నాకిచ్చింది. నేను మెల్లగా, ఊపిరి బిగపట్టి, గాజుబిళ్ళ మీద ఒక్కసారి తిప్పాను. పుల్ల పైకెత్తితే దూది కొస టీ డికాషన్ రంగులో ఉంది.

"అమ్మో!" అన్నారు మామ్మగారు. "ఇదంతా మన భక్తేనా?"

"నా సాంబ్రాణిలో కల్తీ లేదమ్మా, అందుకే అంత గట్టిగా పట్టింది" అన్నాడు తాత గర్వంగా.

నాలుగు పుల్లలు మార్చాక దూది తెల్లగా వచ్చింది. ఆరనిచ్చి, మూత వేసి, మరలు బిగించి, మళ్ళీ లోపల పెట్టి, కంప్యూటర్ వేసేసరికి పన్నెండున్నర. నెమ్మదిగా రాసే వేగమే పెట్టాను. ఇరవై నిమిషాలు పడుతుంది. బటన్ నొక్కి ఇద్దరం తెర ముందు కూర్చున్నాం. మామ్మగారు జిరాక్స్ కోసం వచ్చినవాళ్ళని గుమ్మంలోనే ఆపేశారు. "ఇప్పుడు కాదు. లోపల పని జరుగుతోంది" అని ఆపరేషన్ థియేటర్ ముందు కూర్చున్నట్టు కూర్చున్నారు.

ఆ ఇరవై నిమిషాల్లో ఆ అమ్మాయి అడిగింది. ఊరికే కూర్చోలేక అడిగిందనుకుంటాను.

"మీరేం చదివారు మేడం?"

ఎప్పుడూ చెప్పే అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. డిగ్రీ అనేదాన్ని ఎవరన్నా అడిగితే. కానీ పొద్దున ఆ పిల్లకి ఒక అబద్ధం చెప్పి ఒక గంట కాలం మింగేశాను. రెండోది చెప్పబుద్ధి కాలేదు.

"ఇంటర్ తప్పానమ్మా. నీ ఫోల్డర్ పేర్లు పొడుగని చెప్పాను కదా, అది కూడా నాకు సరిగ్గా తెలీదు. మా పెట్టె బాగోలేదని చెప్పడానికి నామోషీ వేసి చెప్పాను."

ఆ అమ్మాయి నవ్వింది. ఆ రోజు మొదటిసారి. "నాకు అప్పుడే అనుమానం వచ్చింది మేడం. కానీ మీరు చెప్పాక కాదని ఎలా అనను?" మళ్ళీ తెర వంక చూస్తూ, "నా రిపోర్టులో మూడో చాప్టర్‌లో పట్టికల నంబర్లు తప్పాయని పట్టుకుంది మీరే కదా. మా గైడ్ కూడా చూడలేదు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదటిదాన్ని. మీ ఇంట్లో?"

"మా ఇంట్లో ఇంకా ఎవరూ లేరు" అన్నాను.

ఆ "ఇంకా" అన్న మాట ఎందుకు అన్నానో నాకే తెలియదు. లేరు అంటే సరిపోయేది.

యాభై ఎనిమిది. తాత లేచాడు. "జుమ్మా నమాజుకి టైమైంది తల్లీ. వచ్చేటప్పుడు కనుక్కుంటా." అరవై. అరవై ఒకటి. అరవై రెండు దగ్గర అంకె కదలకుండా నిలబడిపోయింది. పెట్టె లోపల ఏదో గరగరలాడింది. అరవై మూడు. అరవై నాలుగు. డెబ్భైకి వెళ్ళాక ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది, తొంభై దాకా వదల్లేదు. నూరు పడి ట్రే బయటికొచ్చేసరికి, "అయిందా?" అని మామ్మగారు అరిచిన అరుపుకి పక్క క్లినిక్‌లో పసిపిల్లాడు ఏడ్చాడు.

నమ్మకం లేక సీడీని ఇంకో కంప్యూటర్‌లో పెట్టి ప్రోగ్రాం తెరిచి చూశాం. తెరుచుకుంది. అన్నీ ఒక్కొక్కటే తెరిచి చూసుకునేసరికి ఒంటిగంటన్నర కావొచ్చింది. కవర్లో పెట్టి, రిపోర్టు చేతికిచ్చి, రోడ్డు మీదకి తోశాను. ఆటో ఒక్కటీ ఆగట్లేదు. మసీదు నుంచి తిరిగొస్తున్న సాయిబు తాత సంగతి గ్రహించి, నెమలీకల కట్ట అడ్డంపెట్టి ఒక ఆటోని నడిరోడ్డు మీద ఆపాడు.

"ఒరేయ్, ఆపరా! పిల్లకి పరీక్ష!"

"బేరం ఉంది తాతా, పక్కకి తప్పుకో" అని ఆటో అతను.

"నీ బండికి ఏడాదంతా ఊరికే సాంబ్రాణి వేస్తాలేరా. ఎక్కు తల్లీ."

ఎక్కింది. రెండింటికి పావుగంట ముందు ఇచ్చేసిందట. మర్నాడు షాపుకొచ్చి చెప్పింది. వైవా అయ్యాక మళ్ళీ వచ్చి, అందులో గైడు ఏం అడిగాడో, తనేం చెప్పిందో, మామ్మగారికీ నాకూ అభినయించి చూపించింది.

సార్ సీల్ సంగతి తెలిసి వారంపాటు మొహం మాడ్చుకున్నారు. మామ్మగారు ఏం చెప్పారో తెలియదు, పై వారం నుంచి, "లెన్స్ జిడ్డు పట్టిందని నేనే కనిపెట్టా" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకోవడం మొదలుపెట్టారు. మెకానిక్ మాత్రం ఒప్పుకోలేదు. జిడ్డు కూడా ఉండొచ్చు కానీ అసలు కారణం వైరసేనన్నాడు. సాంబ్రాణి ఆగలేదు. ఎందుకాగాలి? తాత గుమ్మం బయట నిలబడి వేసేవాడు, ఆ పావుగంటా కంప్యూటర్‌కి దుప్పటి కప్పేవాళ్ళం. ఆ రైటర్ ఇంకో మూడేళ్ళు పనిచేసింది.

పిల్లలూ, నాకు ఆ రోజు తెలిసిందల్లా ఇంతే. మంచి మనుషుల దగ్గర పని దొరికితే, వాళ్ళు నొచ్చుకుంటారని మనం నోరు కట్టేసుకుంటాం. నొచ్చుకుంటారో లేదో వాళ్ళని ఒక్కసారి అడిగి చూడొచ్చు. నేను రెండు నెలలు అడగలేదు. దానికి ఇంకెవరో పిల్ల తన ఏడాదిలో సగం పోగొట్టుకోబోయింది.

ఆ రోజు నోటికొచ్చిన ఆ "ఇంకా" అన్న మాట పుణ్యమా అని ఇంటర్ మళ్ళీ కట్టాను. పదేళ్ళు సాగదీశాను లెండి. తరవాత దూరవిద్యలో బి.ఏ. తెలుగు మొదటిసారే పోయింది, అంటే పాసయ్యాను. చరిత్ర రెండోసారి. ఎకనామిక్స్ మాత్రం నాలుగుసార్లు. అరవై శాతం కాదు కదా, ముప్పై కూడా దాటేది కాదు. నా కృతజ్ఞతల పేజీ ఎవరూ అడగరు కాబట్టి ఫోన్లలో చెప్పుకోవాలి. ఎవరెవరికి చేయాలో రాసుకున్నాను:

మా చెల్లెలికి. ఈసారి కూడా తప్పుతానని పందెం వేసింది. ఓడిపోయావని చెప్పి పెట్టేయాలి, ఎక్కువ మాట్లాడితే ఏడుస్తుంది.

సార్‌కి. మామ్మగారు లేరు, షాపూ మూసేశారు, ఆయన మాత్రం గుంటూరులోనే ఉన్నారు. డిగ్రీ చదివించింది నేనే అని ఆయనే అందరికీ చెప్పుకుంటారు, చెప్పుకోనిస్తాను.

సాయిబు తాత మనవరాలికి. తాత లేడు. ఆ పిల్ల మందుల షాపులో పనిచేస్తోంది. తాతకి చెప్పాల్సింది తనకి చెబుతాను.

మా పాస్టరమ్మ గారికి. ఆదివారం దాకా ఆగలేను.

మెకానిక్ గారికి. ఎకనామిక్స్‌లో ఇన్నిసార్లు ఎందుకు తప్పానో ఆయనకి తెలిసే ఉంటుంది.

ఆఖర్న ఆ అమ్మాయికి. ఇప్పుడు ఒంగోలులో పిల్లలకి పాఠాలు చెబుతోంది. ఫోన్ ఎత్తగానే "ఎన్ని మార్కులు మేడం?" అంటుంది, నాకు తెలుసు. ఎకనామిక్స్‌లో ముప్పై ఆరు అని చెప్పాలి. కాసిని మంచినీళ్ళు తాగి చేస్తాను.